బిందె ఎప్పుడొస్తాది

సినిమా అయిపోయినా కాసమ్మ కుర్చీలోంచి లేవలేదు.

తెర మీద పేర్లు కిందనుంచి పైకి పాకుతున్నాయి. కాసమ్మకు చదువు రాదు. అందుకే కూతురు స్మిత ముందురోజు, పఖాళ చద్దన్నం తిని ఖాళీ చేసిన కంచంలో తడివేలితో గీసి చూపించింది. "ఇంగ్లీషులో ఏస్తారే అమ్మా. ముందు పాములాగ మెలితిరిగి ఒకటుంతాది. దాని పక్కనే జంట కొండలు. రెండూ కలిసొచ్చినాయంటే అదే నా పేరు."

కాసమ్మ పామునూ కొండలనూ మనసులో పెట్టుకుని, సముద్రపు ఒడ్డు ఊరు మార్కండిలో తన వీధి ఆడవాళ్ళందరినీ ట్రెక్కరు బండి ఎక్కించి బరంపురం తీసుకొచ్చింది. ఎండుచేపలు కాకులపాలైనా ఫరవాలేదు, మా గుంట పేరు సూడాలి మీరు అని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పి మరీ తెచ్చింది. తెర మీద పాములు వచ్చాయి. కొండలూ వచ్చాయి. రెండూ పక్కపక్కన మాత్రం రాలేదు. తెర తెల్లబడింది. వీధి ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చీరలు సర్దుకుని, మెల్లగా బయటికి నడిచారు. హాలు ఊడ్చే మనిషి వరసవరసా దిగుతూ వచ్చి కాసమ్మ కాళ్ళ దగ్గర చీపురు ఆపి, ఒడియాలో లేవమన్నాడు.

"ఇంకా మా గుంట పేరు రానేదు బాబూ," అంది కాసమ్మ.

గోడకు ఆనుకుని నిలబడ్డ స్మితకు ఆ మాట వినబడింది. ఏడుపు రాలేదు. కడుపులో భగ్గుమంది, అంతే. ఆ మంట మూడేళ్ళు ఆరలేదు. ఆరకుండా ఆమే చూసుకుంది కూడా.

ఇంతకీ ఆ పేరు అక్కడ ఎందుకుండాలో చెప్పాలి. స్మిత గిరి రోడ్డులో పెళ్ళి వీడియోల స్టూడియోలో ఎడిటింగ్ నేర్చుకుంది. పెళ్ళి వీడియో సంగతి తెలిసిందే, సొంత పెళ్ళయినా సరే కాసేపటికి పెళ్ళికొడుకే జేబులోంచి ఫోను తీస్తాడు. మొదట వినాయకుడి బొమ్మ, తర్వాత పూలు రాలడం, ఆ మీద సన్నాయి. ఎవడికి కావాలి? స్మిత చేసినవి అలా మొదలయ్యేవి కాదు. ఒకసారి ఆమె వీడియో పెళ్ళికూతురి మేనత్తతో మొదలైంది. పాపం ఆవిడ మంగళసూత్రాల పెట్టె ఎక్కడ పెట్టిందో మరిచిపోయి, బిత్తర చూపులతో మండపమంతా తిరుగుతోంది. పెళ్ళి జరిగిపోయిందని చూసేవాళ్ళందరికీ తెలుసు. తాళి కట్టారనీ తెలుసు. అయినా ఆ పెట్టె దొరికేదాకా ఇంటిల్లిపాదీ కదల్లేదు, ఒలిచిన అరటిపండు చేతిలోనే ఉండిపోయింది ఒకాయనకి. మొదట్లోనే ఒక ప్రశ్న తగిలించాలి, జవాబు కోసం జనం వాళ్ళంతట వాళ్ళే కూర్చుంటారు. స్మిత పట్టుకున్న కిటుకు అదే. చేపలు పట్టే ఇంట పుట్టింది, ఆ మాత్రం గాలం వెయ్యడం రాకుండా ఉంటుందా.

రాఘవేంద్ర ఆ స్టూడియోకి అలాంటి రోజుల్లోనే వచ్చాడు. బడా బజార్లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే అప్పలస్వామి షావుకారు ఒక్కగానొక్క కొడుకు. హైదరాబాదులో సినిమావాళ్ళ వెనక కొన్నాళ్ళు తిరిగి, నల్లకళ్ళద్దాలూ సినిమా తెలుగూ తెచ్చుకున్నాడు. బరంపురంలో పుట్టి పెరిగినవాడు 'ఏటి' అనడం మానేసి 'ఏంటి' అంటుంటే, కన్నతండ్రే కొత్తవాణ్ణి చూసినట్టు చూసేవాడు. అతను చిన్న సినిమా ఒకటి తీశాడు, అది ఎంతకీ లేవడం లేదు. మొదలు నువ్వు చెయ్యి స్మితా అన్నాడు. చేసింది.

తెర నల్లగా ఉంటుంది. చెక్క మీద తాడు ఒరుసుకునే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. తర్వాత చేతులు, ఒకదాని వెనక ఒకటి, దేన్నో లాగుతుంటాయి. మొహాలు కనిపించవు, సముద్రమూ కనిపించదు. చివరికి ఇసకలోకి వల వస్తుంది. వలలో చేపలుండవు. పసిపిల్ల చెప్పు ఒకటుంటుంది, ఎర్రది.

ఆ చెప్పు నిజంగా వచ్చిందే. ఫైలిన్ తుపాను వెళ్ళాక స్మిత తండ్రి పైడన్న మొదటిసారి వేసిన వలలో వచ్చింది. పైడన్న ఆ పూట అన్నం ముట్టలేదు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని ఆ చెప్పును ఇంటి చూరులో దోపి ఉంచాడు. కేరళ బోట్ల మీద పనికి వెళ్ళేటప్పుడు కూడా, అది పారెయ్యకండి అని చెప్పి వెళ్ళాడు. స్మిత దాన్ని చూరులోంచి తీసి షూటింగుకు ఇచ్చింది.

ఆ సినిమా చూసి కాసమ్మ హాల్లో కూర్చుండిపోయిన మర్నాడు స్మిత వెళ్ళి అడిగింది, నా పేరేదండీ అని. "అయ్యో, చివర్లో ఎగిరిపోయింది స్మితా. నెక్స్ట్ సినిమాకి పెద్దక్షరాలతో వేద్దాం," అన్నాడు రాఘవేంద్ర, ఫోన్లోంచి తలెత్తకుండానే. కొన్నాళ్ళకు భువనేశ్వర్లో ఆ సినిమాకు బహుమతి వచ్చింది. ఆ మొదటి సీను మీకెలా తట్టిందని స్టేజీ మీద అడిగారు. ఒక తెల్లవారుజామున ఆ చెప్పు నాకు కలలో కనిపించింది అన్నాడు. ఎడిటింగ్ ఎవరు అంటే నవ్వాడు. "ఒక అమ్మాయుంది. కంప్యూటర్ ఆపరేటర్. నేను చెప్పింది నొక్కుతుంది."

స్మిత స్టేజీ మీది ఆ మాటల వీడియోను పళ్ళ బిగువున మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ తర్వాత తెలిసిన సంగతి మరీ ఘోరం. ఎర్రచెప్పును అతను గాజు పెట్టెలో పెట్టించి, తన ఆఫీసులో బహుమతి పక్కన నిలబెట్టుకున్నాడట. అయ్య దాచిన చెప్పు! వీడి కలలో వచ్చిందా! వీణ్ణి వదలకూడదు అనుకుంది స్మిత. ఎలాగో తెలియదు. వదలకూడదు, అంతే.

కాలం కలిసొచ్చింది. మూడేళ్ళకు, ఆస్కా రోడ్డులో ఫ్యాన్సీ షాపు మేడ మీద స్మిత సొంతంగా పెట్టుకున్న ఎడిటింగ్ గదికి రాఘవేంద్ర తనే మెట్లెక్కి వచ్చాడు. ఈసారి పెద్ద సినిమా. పెట్టుబడి తండ్రిది. చికిటిలో రైసు మిల్లు ఓనరు కొడుకు, సముద్రపు ఒడ్డు పిల్ల, వాళ్ళ ప్రేమ, మధ్యలో బోలెడు ఫైట్లు. విశాఖపట్నం నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటరు మొదటి రీలు చూస్తూ చూస్తూ ఫోను గోకడం మొదలుపెట్టాడట. మొదటి మూడు నిమిషాలు జనాన్ని కట్టిపడేస్తే కొంటాను, లేదంటే మీ దారి మీది అన్నాడట.

"మూడ్ కావాలి స్మితా. ఓపెనింగ్‌లోనే ఆడియన్స్ మూడ్‌లోకి వెళ్ళిపోవాలి. అది నీ చేతిలో ఉంది," అన్నాడు. నొక్కే చేతిలో అని మాత్రం అనలేదు.

స్మిత సినిమా మొత్తం ఇచ్చి వెళ్ళమంది. ఒక్కతే కూర్చుని చూసింది. ఎక్కడా ఒక్క ప్రశ్న లేదు. వాడొస్తాడు, కొడతాడు, పాడతాడు, మళ్ళీ కొడతాడు. ఏది తీసేసినా ఏదీ తగ్గదు, ఏది కలిపినా ఏదీ పెరగదు. చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకు నవ్వొచ్చింది. ఈ సినిమాను చంపడానికి పాడు చెయ్యక్కర్లేదు. మంచి మొదలు పెడితే చాలు. అన్నం వండని ఇంట్లో విస్తళ్ళు పరిచి, నీళ్ళు చల్లి, ఉప్పు వడ్డించి, బంతి నిండా జనాన్ని కూర్చోబెట్టినట్టవుతుంది. వడ్డన ఎప్పుడని జనమే అడుగుతారు.

"చేస్తాను," అంది మర్నాడు. "నాకింకేటీ వద్దు. ఆ గాజు పెట్టెలో సెప్పు నాకిచ్చీండి."

రాఘవేంద్ర ఆమె వంక జాలిగా చూశాడు. ఇంత పిచ్చిదా ఈ పిల్ల అనుకున్నట్టుంది. సాయంత్రానికల్లా చెప్పు పంపించేశాడు. గాజు పెట్టె మాత్రం ఉంచుకున్నాడు.

చేపల వేట నిషేధం ఎత్తేసే రోజు దగ్గరపడింది. మార్కండిలో ఆ రోజు పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగుతాయి. మనిషి నీటి మీదికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఇల్లాలు ఇత్తడి బిందెలో పసుపు నీళ్ళూ వేపమండలూ పెట్టుకుని ఒడ్డుకు వెళ్తుంది. గంగమ్మకు ఆ నీళ్ళు పోసి, అదే బిందెతో సముద్రపు నీళ్ళు ముంచి తెచ్చి గడప మీద చల్లుతుంది. బిందె తిరిగి ఇంటికొచ్చేదాకా పొయ్యి వెలిగించరు. ఎంత ఆకలేసినా సరే. రాఘవేంద్రకు ఈ సంగతి సగం చెప్పింది స్మిత. బిందె వెళ్ళడం గురించి చెప్పింది. విజువల్ అదిరిపోతుంది అన్నాడతను.

కాసమ్మ మాత్రం మొదట ఒప్పుకోలేదు. "ఆడి సినిమాకి నాను బిందెత్తుతానేటి? సిగ్గునేదేటే నీకు?"

"ఆడికి కాదే. నాకు ఎత్తు," అంది స్మిత.

కూతురి మొహంలో ఏం చూసిందో ఏమో, కాసమ్మ లోపలికి పోయి చింతపండుతో బిందె తోమడం మొదలుపెట్టింది.

సీను ఇలా వచ్చింది. చీకటి తెర మీద అగ్గిపెట్టె గలగలమంటుంది, ఎవరో చేతిలో ఊపుతున్నట్టు. మెల్లగా వెలుతురు పడితే సరుగుడు పుల్లలు పేర్చిన పొయ్యి కనిపిస్తుంది, వెలిగించలేదు. పక్కనే బియ్యం కడిగి పోసిన గిన్నె. అగ్గిపెట్టె పట్టుకున్న ఒక ఆడపిల్ల చెయ్యి. అది స్మిత చెయ్యే. కనబడని ఆడమనిషి గొంతు అంటుంది, "బిందె ఇంటికొచ్చీదాకా పుల్ల గియ్యకే." బిందె లేస్తుంది, కాసమ్మ చంకనెక్కుతుంది, గడప దాటుతుంది, సందులు దాటి ఇసక మీదుగా నడిచి కెరటాల వైపు వెళ్ళి కనబడకుండా పోతుంది. మళ్ళీ గడప. ఖాళీ దారి. అగ్గిపెట్టె మీద వేళ్ళు బిగుసుకుంటాయి. సినిమా పేరు పడుతుంది.

"కట్! అద్భుతం!" అని ఒడ్డున రాఘవేంద్ర అరిచాడు. యూనిట్ వాళ్ళంతా కొబ్బరిబొండాల వైపు మళ్ళారు. కాసమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోంచి వెనక్కి తిరిగి చూసింది.

"కట్టేటి? మీ అయ్య నీటి మీదున్నాడు. బిందె ఇక్కడొదిలీసి రమ్మంటావేటి?" అని కూతురి మీద కేక వేసి, బిందె ముంచి, ఎవరినీ లెక్కచెయ్యకుండా ఇంటిదారి పట్టింది.

స్మిత తన కెమెరాతో ఆమె వెంట వెళ్ళింది. తడి కుచ్చిళ్ళు, బరువుకు ఒక పక్కకు ఒరిగిన నడుము, గడప మీద చల్లిన నీళ్ళు, అన్నీ తీసింది. కాసమ్మ గడప లోపలికొచ్చి తలూపింది. స్మిత ఒంటిచేత్తో కెమెరా పట్టుకుని రెండో చేత్తో, తల్లి పట్టుకున్న అగ్గిపెట్టె మీద పుల్ల గీసింది. పొయ్యి వెలిగింది. ఆ ముక్క ఎవరికీ చూపించలేదు.

వారం తిరిగాక మేడ మీది గదిలో అందరూ కూర్చుని చూశారు. డిస్ట్రిబ్యూటరు ఫోను తీయలేదు సరికదా, లైటు వేశాక కూడా కాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయి, కొంటున్నాను అన్నాడు. రాఘవేంద్ర ఎగిరి గంతేసినంత పని చేశాడు. వెనక కుర్చీలో అప్పలస్వామి షావుకారు మాత్రం బుర్ర గోక్కున్నాడు. జీవితమంతా పప్పు బస్తాలు లోపలికి రావడం, బయటికి పోవడం చూసిన మనిషి.

"ఒరే రాఘవా, ఆ బిందె మళ్ళీ ఎప్పుడొస్తాదిరా?"

స్మిత వెనక్కి తిరిగి చూసింది.

"రాదు నాన్నా. అది సింబాలిక్," అన్నాడు రాఘవేంద్ర.

"సింబాలిక్ అంటే ఏటిరా?"

"అంటే అర్థం ఉంటుంది, కానీ చెప్పకూడదు."

"సెప్పకపోతే ఎలగ తెలుస్తాదిరా?" అని ఆయన స్మిత వైపు తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా. పొయ్యి కాడ ఎవరో కూకున్నారు గదా. మరి ఆ బిందె రావాలా వద్దా?"

నిజం చెబితే ఇన్నాళ్ళ పగ ఇక్కడే నీళ్ళపాలవుతుంది. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు, ముసలాయన తనకేం అన్యాయం చెయ్యలేదు. "మొదలు వరకే నా పని షావుకారు బాబూ," అంది స్మిత నెమ్మదిగా. "తరవాతది మీ అబ్బాయిగారిది. ఆయన్నే అడగండి."

అడిగాడు కూడా. మీకు సినిమా తెలియదు నాన్నా, మీరు కందిపప్పు చూసుకోండి అని కొడుకు కసిరేశాడు. ఆయన నొచ్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అంత సంతోషంలో రాఘవేంద్రకు కాస్త దయ కలిగింది. "ఈసారి నీ పేరు వేస్తా స్మితా. ప్రామిస్."

"వద్దండీ. మీ పేరే ఏసుకోండి. కలలొచ్చీది మీకే గదా."

ఆ చురక అతనికి తగలనే లేదు. తర్వాతి వారం బరంపురం గోడలన్నిటి మీదా పోస్టర్లు వెలిశాయి. మొదటి మూడు నిమిషాలు మిస్ కావద్దు అని పెద్దక్షరాలు. కింద ఇంకో వరస, ఆరంభ దృశ్యం ఊహ, రూపకల్పన, దర్శకత్వం: రాఘవేంద్ర. స్మిత స్కూటీ ఆపి ఆ వరసను తనివితీరా చదువుకుంది.

విడుదల రోజు మార్నింగ్ షోకి హాలు నిండింది. బడా బజారు షావుకార్లు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, చికిటి నుంచి, పొలసర నుంచి వచ్చినవాళ్ళు. మార్కండి ఆడవాళ్ళను కాసమ్మ మళ్ళీ ట్రెక్కరు ఎక్కించింది. ఈసారి పేరు సంగతి ఎత్తలేదు. నాను బిందె ఎత్తినాను సూడండి అని మాత్రం చెప్పింది. అదే హాలు. చూసి చూసి అదే వరసలో కూర్చుంది.

అగ్గిపెట్టె గలగలమంది. గోల చేస్తున్న కుర్రాళ్ళు గప్‌చుప్ అయిపోయారు. వెలగని పొయ్యి, కడిగిన బియ్యం, లేచిన బిందె. ఎక్కడో పసిబిడ్డ ఏడవబోతే తల్లి నోరు మూసింది. కాసమ్మ కెరటాల్లోకి నడిచి కనబడకుండా పోయేసరికి హాలంతా ఊపిరి బిగబట్టింది. స్మితకు ఒక్కక్షణం కళ్ళు చెమర్చాయి. తన చేతిపని అది. ఎంత బాగుంది! ఇలాంటిదాన్ని ఇలాంటి సినిమాకి కట్టబెట్టానే అని మనసు చివుక్కుమంది. పక్కన తల్లి మొహం చూసింది. చీపురు గుర్తొచ్చింది. ఆ బాధ అక్కడితో సరి.

తర్వాత రైసు మిల్లు ఓనరు కొడుకు కారు దిగి, దుమ్ము రేపి, నలుగురిని కొట్టాడు. జనం ఓపికగా చూశారు, బిందె వస్తుంది కదా అని. మొదటి పాట అయ్యాక వెనకనుంచి ఎవరో మెల్లగా అన్నారు, "బిందె ఎప్పుడొస్తాది?" ఇంటర్వెల్లో సమోసాల దగ్గర అదే మాట. రాఘవేంద్ర ఆ మాటలు విని పొంగిపోయాడు, సీను జనం బుర్రల్లోకి ఎక్కేసింది చూశారా అని పక్కవాళ్ళతో అన్నాడు. ఎక్కిందని అతనికి తెలుసు. దిగే దారి లేదని తెలియదు.

రెండో సగంలో జనం ఓపిక చచ్చింది. హీరోయిన్ గ్లాసుతో మంచినీళ్ళు తెస్తే హాలంతా చప్పట్లు, వచ్చింది వచ్చిందని. హీరో గుండెలు బాదుకుంటూ ప్రేమ గురించి ఏదో చెబుతుంటే, "అదుండనీ బాబూ, ముందు పొయ్యి సంగతి సూడు!" అని ఒక ముసలాయన. విలన్ చచ్చాడు, ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళయింది. శుభం పడింది. లైట్లు వెలిగాయి.

ఎవరూ లేవలేదు.

పేర్ల తర్వాత వస్తుందేమోనని కూర్చున్నారు. పేర్లు కిందనుంచి పైకి పాకుతున్నాయి, హాలు హాలంతా తలలెత్తి ఆ పేర్ల వెనక బిందె కోసం వెతుకుతోంది. ఇంత జరగాలని స్మిత కోరుకోలేదు. ఒక్క అమ్మ కూర్చున్నట్టు ఇప్పుడు ఇంతమంది కూర్చున్నారు. తెర తెల్లబడింది. చీపురు మనిషి తలుపు దగ్గరకొచ్చి, ఇంతమంది కూర్చుని ఉండటం చూసి, నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయాడు.

రాఘవేంద్ర దండలు వేయించుకోవడానికి తెర ముందుకు వచ్చాడు. మైకు పట్టుకుని, "ప్రేక్షక దేవుళ్ళకు..." అన్నాడు.

"బిందేదీ?" అన్నారెవరో.

"అది... అది ఒక ప్రతీక. బిందె అంటే నిరీక్షణ. ప్రతి ఆడదాని జీవితంలోనూ..."

"ప్రతీకతో అన్నం ఉడుకుతాదేటి?" అని బాల్కనీలోంచి ఒకావిడ లేచింది. "ఆ పిల్ల పొయ్యి కాడే ఆకలితో సచ్చిందేటి? ఎల్లినోడు తిరిగొచ్చినాడా? సెప్పు!"

"ఎవుడయ్యా ఈ సీను తీసినోడు?"

"ఈయనే! పోస్టరు మీద పేరేసుకున్నాడు గదా!"

ఈలలు మొదలయ్యాయి. చిప్స్ పొట్లం ఒకటి వచ్చి అతని చొక్కాకు తగిలింది. ఫోన్లు పైకి లేచాయి, ప్రతి ఫోన్లోనూ అతని మొహమే. అతను అటు చూశాడు, ఇటు చూశాడు. హైదరాబాదులో అన్నాళ్ళు కష్టపడి నేర్చుకున్న తెలుగు ఒక్క దెబ్బకు ఊడిపోయింది.

"నాను తియ్యనేదు!" అని మైకులో అరిచాడు. "నాకేటి తెలీదు! ఆ సీను నాది కాదు, స్మిత తీసింది! ఆ ముందు సినిమాలో సెప్పు సీనూ దానిదే! అన్నీ స్మితే సేసింది! నాకు ఏ కలా రానేదు!"

మైకు హాలు నలుమూలలకూ ఆ పేరు మోసుకెళ్ళింది. మార్కండి ఆడవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశారు. కాసమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా వింది. ఈ పేరు చదవడానికి చదువక్కర్లేదు. స్మిత తల్లి చెయ్యి పట్టుకుంది.

జనం గోల సద్దుమణగకముందే అప్పలస్వామి షావుకారు కుర్చీలు పట్టుకుని పట్టుకుని వాళ్ళ వరసకు వచ్చాడు. మొహం పాలిపోయింది. కొడుకును తిట్టలేదు, స్మితనూ తిట్టలేదు. నేరుగా కాసమ్మ ముందు నిలబడ్డాడు.

"కాసమ్మా, నువ్వు బిందె తిరిగి తెచ్చీ ఉంతావు. నాకు తెలుసు. మీ వాళ్ళు ఒట్టినే వదిలెయ్యరు. అది తీసుంటే ఇప్పించు తల్లీ. ఆకర్న అంటించీసుకుంతాం. మేట్నీ లోపల అంటించీకపోతే ఊరూరా ఇదే గోల. నానన్నది ఆరోజు ఆడు ఇననేదు."

స్మిత భుజాన సంచి ఉంది. సంచిలో ఆ ముక్క ఉంది. ఇచ్చేస్తే సినిమా బతుకుతుంది, ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. చివర ఆ పొయ్యి వెలిగితే చాలు, ఈ జనమే కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకు పోతారు. ఆశగా చూస్తున్న ముసలాయన మొహం చూసి ఆమె చెయ్యి సంచి మీదికి వెళ్ళింది.

"ఉందేటే?" అంది కాసమ్మ కూతురితో.

"ఉందమ్మా."

అప్పలస్వామి రెండు చేతులూ జోడించాడు. చీపురు మనిషి ఇక ఆగలేక మొదటి వరస ఊడ్వడం మొదలుపెట్టాడు. కాసమ్మ ఆ చీపురు వంక చూసింది, తర్వాత తెర ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డ రాఘవేంద్ర వంక చూసింది.

"మా గుంట పేరు కోసం ఆ దినం ఇదే కుర్సీలో కూకున్నాను షావుకారు బాబూ. సీపురు నా కాళ్ళ కాడికొచ్చీదాకా కూకున్నాను." కొంగు దులుపుకుని, కూతురి భుజం మీద సంచి సరిచేసి లేచింది. "మీరూ కూకోండి."